నొక్కిన రొట్టె ఉండ

దామిస్‌ను వీరుడని ఎవరూ అనలేదు, నేనూ అనను. ఈటె విసరడంలో సామాన్యుడు, పాటలో శ్రుతి తప్పేవాడు. అయితే పక్కవాడి గిన్నె ఖాళీ అయిన సంగతి వాడికన్నా ముందే గమనించేవాడు.

మా స్పార్టాలో మగవాడి భోజనం ఇంట్లో కాదు, తన పంక్తిలో, అంటే కలిసి తిని కలిసి పోరాడే జట్టులో. అలా కలిసి భుజించడానికి మాకు ప్రత్యేకంగా ఒక క్రియాపదమే ఉంది. పంక్తి లేనివాడికి ఆ మాట వర్తించదు. పౌరుడన్న మాటా వర్తించదు.

కళ్లు వాచి దామిస్ దండుతో వెళ్లలేకపోయిన ఏడు, అతని పంక్తి అంతా ఒకే కనుమలో నేలకొరిగింది. ఖాళీ బల్లల మధ్య కొన్నాళ్లు ఒక్కడే పులుసు తాగాడు. తర్వాత మా పంక్తిలో చోటడిగాడు. వెంటబెట్టుకొచ్చినవాడు మాలో పెద్దవాడైన యూరిలాస్.

"వీడి నాన్నకి డాలు పట్టడం నేర్పింది నేనేరా. వీడు నా పక్కనే కూర్చుంటాడు. కాదన్నవాడి నెత్తిన నల్ల పులుసు పోస్తా!"

"పోసెయ్యి తాతా, తాగడంకన్నా అదే నయం," అన్నాడు మావాడొకడు.

దామిస్ మూసిన తలుపు అవతల, మాటలు వినపడనంత దూరాన వాకిట్లో నిలబడ్డాడు. పనివాడు తలమీద గిన్నెతో మా మధ్య తిరిగాడు. తలా ఒక రొట్టె ఉండ అందులో వేశాం. గుండ్రంగా ఉంటే సమ్మతి. నొక్కి చదును చేస్తే తిరస్కారం. అలాంటిది ఒక్కటున్నా చాలు.

ఒకటి చదునుగా ఉంది.

యూరిలాస్ తన వేళ్లకేసి చూసుకున్నాడు. పళ్లు ఊడినప్పటి నుంచీ రొట్టెను నొక్కి మెత్తబరచి తినడం ఆయన అలవాటు.

"అది నాదేరా... తినేదనుకుని నొక్కేశాయి ఈ పాడు వేళ్లు. మళ్లీ వేద్దాం!"

"ఉండ పడ్డాక మాట లేదు తాతా. మాకది నేర్పిందే నువ్వు."

రోజూ భోజనానికి ముందు తలుపు చూపించి, "ఇక్కడి మాట దీన్ని దాటదు" అని చెప్పేదీ ఆయనే. నియమం మనుషుల్ని ఆవేశం నుంచి కాపాడుతుందంటారు. పొరపాటు నుంచి కాపాడదని ఆ సాయంత్రం తెలిసింది.

మర్నాడు ఏటి ఒడ్డున దామిస్ ఆయన చేతులు పట్టుకున్నాడు. "అందరూ చస్తే నేను మిగిలానని ఎవడికో కడుపుమంట తాతా. నువ్వైతే నా వైపే వేశావు. అది చాలు."

యూరిలాస్ చేతులు విడిపించుకుని ఏటి నీళ్లలో కడుక్కున్నాడు.

ఆ తర్వాత దామిస్ తాను కొట్టిన పిట్టల్ని మా ఇళ్లకు తెచ్చి ఇచ్చేవాడు. తనను వద్దన్నదెవరో తెలియక, ప్రతివాడినీ ప్రసన్నం చేసుకోవాలని చూసేవాడు. యూరిలాస్ గడపకు మాత్రం వట్టి చేతులతో వెళ్లేవాడు.

యూరిలాస్ పోయినప్పుడు పాడె ముందు కొమ్ము అతనే పట్టాడు.

"నన్ను పక్కన కూర్చోబెట్టుకోవాలనుకున్నవాడు ఈయనొక్కడే," అన్నాడు.

మేం భుజాలు మార్చుకున్నాం.