సాపు ప్రతిలో లేని రెండు పేజీలు

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా పెదనాయన పేరుతో అచ్చయిన తావో పుస్తకంలో అందరూ మెచ్చుకునే ఆ ఒక్క పేజీ ఆయనది కాదు, నాది. ఆయన చెప్పిన రెండు పేజీలు తీసేసి, ఆ చోట నేను రాసింది పెట్టాను. నిన్న ప్రెస్సు నుంచి ఫోను వచ్చింది. ప్రతులు అయిపోయాయట, మళ్లీ వేస్తున్నారట, దిద్దుబాట్లు ఉంటే శుక్రవారంలోగా పంపమన్నారు. "ఏమీ లేవండీ" అనబోయి ఆగిపోయాను. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. రెండుసార్లు మిద్దె ఎక్కి దిగాను. ఆరిన బట్టలు మడతపెట్టి, మళ్లీ విప్పి మడతపెట్టాను. అమ్మ చూసి, "దయ్యం పట్టిందా నీకు?" అని తన పనిలో పడిపోయింది.

పెదనాయన చిత్తూరులో తెలుగు అయివారుగా చేసి రిటైరైన మనిషి. చైనా భాష ఒక్క ముక్క రాదు. అయినా ఎప్పుడో వేల ఏళ్ల కిందట అక్కడి పెద్దలు చెప్పుకున్న తావో మాటలు ఇప్పటి మనవాళ్లకు అర్థమయ్యే తెలుగులో రావాలని పట్టుబట్టాడు. నాలుగు ఇంగ్లీషు అనువాదాలు సంపాదించి, నవారు మంచం మీద పక్కపక్కనే తెరిచి పెట్టేవాడు. గాలికి పేజీలు లేవకుండా ఒకదాని మీద కళ్లజోడు పెట్టె, ఒకదాని మీద తాళంకప్ప, ఇంకోదాని మీద రోటి బండ, చివరిదాని మీద పెద్దమ్మ వక్కల డబ్బా. ఒకే వాక్యం నాలుగింటిలో నాలుగు రకాలుగా కనిపిస్తే ఆయన ముఖం వెలిగేది. "నాలుగూ ఒకటే చెప్తే ఇంక నాకేం పనుండాది పాపా?" అనేవాడు. వక్కల డబ్బా వెతుక్కుంటూ వచ్చిన పెద్దమ్మ మాత్రం, "నాలుగూ ఒకటే పుస్తకమంట, ఒకటి సదివితే సాలదంట. ఆ సైనా తాతలన్నా ఒక మాట మీద ఉండినారా లేదా?" అని డబ్బా లాక్కుని పోయేది. ఆ పేజీ ఎగిరిపోయేది.

ఆయనకొక నియమం ఉండేది. కొరుకుడుపడని మాట వస్తే మన వేదాంతంలోంచి ఒకటి తెచ్చి అతికించకూడదు. "మనింట్లో డబ్బాలో పోసి మూత పెడితే అది మన సరుకే అయిపోతాది. వాళ్లది యాడుంటాది?" అనేవాడు.

కిందటేడు మామిడి పూత కాలంలో స్నానాలగదిలో జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి అంటే వినలేదు, పుత్తూరుకే పోదామన్నాడు. తిరుపతి నుంచి నేను తోడు వెళ్లాను. అక్కడ కట్టు కట్టే ముసలాయన చేతిని లాగుతాడేమోనని నేను ముందే కళ్లు సగం మూసుకున్నాను. ఆయన లాగలేదు. తూకం చూసేవాడిలా ఆ చేతిని తన రెండు అరచేతుల్లో పెట్టుకుని, "అయివోరా, మీ తోట్లో పూత ఎట్లుండాది?" అని అడిగాడు. పెదనాయనకు మామిడి సంగతి ఎత్తితే చాలు. "పోయినేడు మంచుకు మాడిపోయింది గానీ ఈ తూరి తోతాపురి మాత్రం..." అంటున్న మాట మధ్యలో ఎముక కదిలి తన చోటుకు చేరిపోయింది. ఆకుపసరు, గుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడుతుంటే పెదనాయన ఆశ్చర్యంగా, "ఏం జేసినావప్పా?" అన్నాడు. "నేనేం జేసినా? అది పొయ్యే దోవ దానికి తెలుసు. అడ్డం రాకుండా పట్టుకోనుంటి, అంతే" అన్నాడు ముసలాయన, ముడి వేస్తూ. ఆ మాటలు ఆ రోజే డైరీలో రాసుకున్నాను.

చెయ్యి కట్టులో ఉన్న నలభై రోజులూ ఆయన చెప్పాడు, నేను రాశాను. ఆయనకు నిలకడ లేదు. లేచి తిరుగుతాడు, కట్టు వాసన చూసుకుంటాడు, దాన్ని విప్పబోయి పెద్దమ్మతో తిట్లు తింటాడు. బలవంతం చేయకుండా పని జరగనివ్వడం గురించిన అధ్యాయం అప్పుడే వచ్చింది. నొప్పో, తొందరో తెలియదు. ఫలం కోరని కర్మ అంటూ రెండు పేజీలు గడగడా చెప్పేశాడు. మంచి వాక్యాలే. కానీ డబ్బాకు మూత పడిన చప్పుడు నాకు వినిపించింది. పుత్తూరు సంగతి గుర్తుచేయాలనుకున్నాను. నలుగురిలో సరే, ఒక్కరి ఎదుటైనా నాకు నోరు పెగలదు. "రాసినావా?" అన్నాడు. "రాసినా పెదనాయనా" అన్నాను.

సాపు ప్రతి రాసేటప్పుడు నా చేతికి ఎక్కడి ధైర్యం వచ్చిందో. డైరీలోని పుత్తూరు పేజీని ఆయన మాటల తీరులోకి మార్చి ఆ చోట రాసేశాను. ఆయన చెప్పిన రెండు పేజీలు మడిచి డైరీలో దాచాను. కట్ట చేతికిస్తే ఆయన తెరవనైనా లేదు. "నువ్వు రాసినాక నేను మళ్లా చూసేదేముండాది?" అని ప్రెస్సుకు పంపించేశాడు.

పుస్తకం వచ్చింది. చిత్తూరు లైబ్రరీ హాల్లో చిన్న సభ పెట్టారు. ఆయనతో పనిచేసిన అయివారొకరు సరిగ్గా ఆ పేజీనే తీసి పైకి చదివారు. జనం చప్పట్లు కొట్టారు. పెదనాయన కుర్చీలో కదలకుండా కూర్చుని, అతికిన చేతిని రెండో చేత్తో నిమురుకున్నాడు. నా వైపు చూడలేదు. నేను కాఫీ ఫ్లాస్కుల వెనక్కి వెళ్లి, కప్పులు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను. తర్వాత రెండు నెలలు పరీక్షలకు చదువుకోవాలంటూ చిత్తూరు ముఖం చూడలేదు. ఎట్టకేలకు వెళ్లిన రోజు ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన పుస్తకం ఊసే ఎత్తలేదు. మంచం మీద నాలుగు పుస్తకాలు ఎప్పటిలాగే తెరిచి ఉన్నాయి. భోజనం పెట్టించి, సాయంత్రం బస్టాండు దాకా వచ్చాడు. వానలు పట్టిన వారానికి గుండె ఆగి పోయాడు. మళ్లీ చూడలేదు.

ఆ రోజు బస్టాండులో ఆయన చెప్పినట్టు చేయాలంటే నా పేరు అచ్చులో పడాలి. పదో తరగతి హాల్ టికెట్టు తర్వాత నా పేరు అచ్చులో చూసిన గుర్తు లేదు. ఇందాక డైరీ తీసి ఆ కాగితాల మడత విప్పాను. రెండో పేజీలో ఆయన దగ్గినప్పుడు నేను కలం ఆపి పెట్టిన చుక్క ఉంది. ఇన్ని నెలలు గడిచినా, ఆయన ఇంకా దగ్గు ఆపుకుని తర్వాతి మాట చెప్పబోతున్నట్టే ఉంది అది. ప్రెస్సుకు పంపే కవరు మీద చిరునామా రాశాను. పక్కనే ఆ రెండు పేజీలు పెట్టుకున్నాను. ఆ రోజు బస్సు కదిలే ముందు కిటికీ చువ్వ పట్టుకుని ఆయన అన్నాడు:

"నీది తీసేయబాకు పాపా, బాగుండాది. నాది తెచ్చి దాని పక్కన పెట్టు. నాది నా పేరుతో, నీది నీ పేరుతో. నాలుగు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకున్నోణ్ణి, రెండు పేజీలకు నా దగ్గర చోటు లేదనుకుంటివా?"