నీళ్ళు పెట్టని మడి

ఆగస్టు పన్నెండు. వాన లేదు. పొద్దున్నుంచే ఎండ చురుక్కుమంది. మిరప నారుమడి మీది నీడవల విప్పి మడతపెట్టాను.

మా నర్సరీ వెనక వీధిలో ఉండే బోటనీ టీచరుగారు నిన్న తెల్లవారుజామున పోయారు. ఈరోజు సమాధుల తోటలో ప్రార్థన అయింది. తిరువూరులో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు. నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు, ఏడో తరగతితో ఆపేశాను. అయినా మొక్కల గురించి నాకు తెలిసింది చాలావరకు ఆవిడ చెప్పిందే.

నర్సరీ పెట్టిన మొదటి ఏడు వినగడప రైతు ఒకాయన నారు తీసుకెళ్ళాడు. నాలుగో రోజు బండి మీద వచ్చి, వాడిపోయిన మొక్కల కట్ట నా ముందు పడేశాడు.

"ఏంటండీ ఇది? మిరప నారా, తోటకూరా?"

నారు పీకే ముందు కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించాలని అందరూ చెప్పారు. మధ్యాహ్నం ఆకులు వాలిపోతుంటే చూడలేక, పీకే రోజు దాకా పూటపూటా తడిపాను. కరివేపాకు మొక్క కోసం వచ్చిన టీచరుగారు ఆ కట్టలోంచి ఒక మొక్క తీసి చూశారు.

"అత్తారింటికి పంపాల్సిన పిల్లని కాలు కింద పెట్టనివ్వకుండా పెంచావయ్యా నువ్వు!"

కోపంగా వచ్చిన రైతు కూడా నవ్వేశాడు. ఆవిడ బోర్లించిన గంప మీద కూర్చుని చెప్పారు.

"నీళ్ళు తగ్గితే మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. తనలో ఉండే ఆర్జినిన్, ఆర్నిథిన్ల నుంచి పుట్రెసిన్ అనేది చేసుకుంటుంది. దానికో ముక్క అతికిస్తే స్పెర్మిడిన్, ఇంకో ముక్క అతికిస్తే స్పెర్మిన్. వీటినే పాలీఎమీన్లంటారు."

నా ముఖం చూసి, షెడ్డు కప్పు వైపు చెయ్యి చూపించారు.

"గాలికి రేకులు లేవకుండా ఇసక బస్తాలు పెట్టావుగా? ఇవీ అంతే. కణం పొరని అంటిపెట్టుకుని చెదిరిపోకుండా చూస్తాయి. కొంచెం దాహం తెలిసిన మొక్క ముందే బస్తాలు సర్దుకుంటుంది."

"మరి పూర్తిగా ఎండబెడితే ఇంకా గట్టిపడతాయా మేడం?" అన్నాడు రైతు.

"చస్తాయి. దాహం నేర్పాలి గానీ చంపకూడదు. మధ్యాహ్నం వాలితే పర్లేదు. పొద్దుగూకే లోపు లేవకపోతే మాత్రం ఆలోచించకుండా నీళ్ళు పెట్టండి."

పుట్రెసిన్ మొదట కుళ్ళిన మాంసంలో దొరికిందట, అందుకని కుళ్ళు అనే అర్థంతో దానికా పేరు. "పాపం, బతికించే పని చేస్తూ చెడ్డపేరు మోస్తోంది," అనేవారు. పాలీఎమీన్ల వల్లే అంతా అని నేను ఎవరికో చెబుతుంటే విని మందలించారు. మొక్క చేసుకునే ఏర్పాట్లు ఇంకా చాలా ఉన్నాయట. ఏ సంగతి చెప్పినా చివర "ఇప్పటికి తెలిసినంతవరకు" అని చేర్చేవారు. ఆకుని వేళ్ళ వెనక వైపుతో తాకేవారు, పిల్లలకి జ్వరం చూసినట్టు.

ఆవిడ మాట మీదే ఆ రైతు మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు. ఇప్పటికీ వస్తున్నాడు. ఈ ఏడు ఆయన బోరు అంతంతమాత్రం. వాన పడేదాకా ఈ నారు తట్టుకోకపోతే ఆయనకి మిరప పంట లేనట్టే. రేపు తీసుకెళ్ళాలి.

ఆదివారం చూడ్డానికి వెళ్తే టీచరుగారు మంచం మీద నుంచే అడిగారు.

"నీళ్ళు ఆపావా?"

"మూడు రోజులైందండి."

"చెయ్యి ఆగుతోందా?"

"ఆగట్లేదండి."

నవ్వారు. "జాలి పడు. పైపు మాత్రం ముట్టుకోకు."

ఆవిడతో అదే ఆఖరి మాట.

ఈ మధ్యాహ్నం సమాధుల తోట నుంచి వచ్చి స్నానం చేసి చూస్తే మడి మొత్తం తలలు వాల్చేసింది. ఇంతగా వాలడం ఎప్పుడూ చూడలేదు. మా ఆవిడ వాకిట్లోంచే అంది, "ఏమండీ, ఆవిడని సాగనంపిన రోజు. వీటినన్నా ఏడిపించకండి."

వేలితో మట్టి గుచ్చి చూశాను. అడుగున చెమ్మ ఉంది. లేవకపోతే రేపు ఆ రైతుకి ఏం చెప్పాలో తెలియలేదు. గట్టు మీద కూర్చున్నాను. నాలుగైంది. ఐదైంది. కదలిక లేదు.

ఐదున్నర దాటాక పడమటి వరసలో ఒక మొక్క మెడ ఎత్తింది. తరవాత దాని పక్కది. చూస్తుండగానే ఆకుల అడుగు వైపు పాలిపోయిన రంగు కనపడకుండా పోయి, మడి మళ్ళీ నిండు పచ్చగా అయింది. మా ఆవిడ వచ్చి నా పక్కనే కూర్చుంది. చీకటి పడేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. రేపటికి గంపలు కడిగి షెడ్డు ముందు బోర్లించాను.