వాగు మీద వాగు

మా ఊరి నీరటి అన్న పోయాడు. మంగళవారం పొద్దున నేను పక్క ఊళ్లో పురాణం చెబుతుంటే, గొర్లు కాచే మా పొరుగాయన చెప్పులు విప్పడం కూడా మరిచి జనం నడుమకు వచ్చేశాడు. "స్వామీ, నీరటన్న పోయిండు" అన్నాడు. గ్రంథం నా చేతిలో తెరిచే ఉంది. ఇన్నేళ్లుగా చదువుతున్న అక్షరాల్లో ఒక్కటీ కనబడలేదు.

ఎరగనివారి కోసం చెబుతాను. నీరటి అంటే చెరువు తూము తెరిచి, ఎవరి మడికి ఎంత నీరో పంచేవాడు. మా చెరువు ఏ మూడేళ్లకో ఒకసారి నిండేది. "నాది దేవుడు లేని గుడిల పూజారి కొలువు" అని తనే నవ్వేవాడు.

ఊరి అవతల రెండు గుట్టల నడుమ కట్ట పోసి నీటిని ఆపాలి. గుట్ట వాలు వెంట కాలువ తేవాలి. మధ్యలో అడ్డం వచ్చే వాగు మీద రాతి స్తంభాలెత్తి, వాటి మీదుగా ఆ నీటిని మా మెట్ట వైపు దాటించాలి. ఇదీ ఆయన ఆలోచన. వెనకటికి సర్కారు సర్వే వాళ్లు ఈ కాలువ కోసమే నేల కొలుస్తుంటే వాళ్లకు కొలత గొలుసు పట్టాడు. వాగు అడ్డముంది, కుదరదని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. ఆయన మనసు మాత్రం ఆ వాగు దగ్గరే ఉండిపోయింది.

అయ్యలారా, అమ్మలారా, మొదట వెక్కిరించింది నేనే. నిండు సభలో గొంతెత్తి, "వాగు మీద వాగును పారిస్తడట! గంగను దించాలంటే తపస్సు కావాలె, తట్టా పారా కాదు" అన్నాను. జనం గొల్లున నవ్వారు. వెనక వరసలో నుంచి ఆయన లేచాడు.

"స్వామీ, గంగ దిగినంక ముందల నడిచిందెవరు?"

"ఇంకెవరు, రాజే."

"ఎందుకు నడిచిండు? తొవ్వ సూపెటోడు లేకుంటె గంగకు మనూరు ఎట్ల ఎర్కైతది? గా రాజు గూడ నీరటే."

ఈసారి జనం నన్ను చూసి నవ్వారు. మర్నాడే ఆయన వెంట గుట్ట ఎక్కాను.

గొర్లకు నీళ్లు పెట్టే కొయ్యదోనెను నెత్తిన మోసుకొచ్చి, నిండా నీళ్లు పోసి, ఆ నీటి మట్టం వెంట ఒంటికంటితో చూసేవాడు. దూరాన నేను కర్రకు గుడ్డ కట్టి, ఆయన చెయ్యి ఊపినకొద్దీ పైకీ కిందికీ జరగాలి. మట్టం కుదిరిన చోట రాళ్లు పేర్చి జెండాను అక్కడే వదిలేవాళ్లం. "నిలబడ్డ మనిషి అబద్ధమాడుతడు గని, పండుకున్న నీళ్లు ఆడయి స్వామీ" అనేవాడు.

అవి కట్టుకోను బట్ట దొరకని రోజులు. తెల్లగుడ్డ కడితే ఆ తెల్లటి బండల్లో కంటికి ఆనేది కాదు. అప్పుడు నా గ్రంథానికి చుట్టిన ఎర్రగుడ్డ విప్పి, నా చేతులతోనే ఏడు ముక్కలు చింపి ఇచ్చాను. దొరలను ఎదిరించే సంఘం జెండా కూడా ఎరుపేనని మా ఊళ్లో పాలుతాగే పిల్లకూ తెలుసు. నీళ్ల ధ్యాసలో పడ్డ మా ఇద్దరికే తట్టలేదు.

పోలీసు చర్య అయిపోయింది, రజాకార్ల పీడ వదిలిందనుకున్నాం. అప్పుడు సంఘం వాళ్ల కోసం గుట్టలు గాలిస్తున్న జవాన్లకు ఆ ఏడు జెండాలు కనబడ్డాయి. ఆ పూట గుట్ట మీద అన్న ఒక్కడే ఉన్నాడు. భాష రాక, దోనెలోని నీళ్లు చూపించాడట. దోనెను తన్నారు. ఆయన్ను తీసుకుపోయారు.

నెల తిరిగాక ఎముకలగూడై వచ్చాడు. దగ్గుతో నెత్తురు పడేది. మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. "గుడ్డ నాదని చెప్పకపోయినవా అన్నా? పుస్తకం చూపిస్తె ఇడిసిపెడుదురేమో."

"నిన్ను గూడ పట్కపోదురు. కాల్వ తొవ్వ ఎరిగినోళ్లం ఇద్దరమే. ఒక్కడన్న బయట ఉండాలె గద స్వామీ."

నీళ్లడిగిన మనిషిని కొట్టిన చేతులకు ఏ నరకం రాసి ఉందో నాకు తెలుసు. గుడ్డ చింపిచ్చిన చేతులకు ఏం రాసి ఉందో రాత్రుళ్లు గ్రంథంలో వెతుకుతున్నాను. దొరకడం లేదు.

ఆ మంగళవారం పాడె వాగు ఒడ్డుకు చేరాక దింపుడుకల్లం కోసం దించారు. పోయినవారి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలవాలి, ప్రాణం ఇంకా ఉంటే పలుకుతుందని. ఆయనకు పిల్లలు లేరు. వదిన నా వైపు చూసింది.

"నీ గొంతు పెద్దది స్వామీ. నువ్వు పిలువు."

మోకాళ్ల మీద కూర్చుని చెవి దగ్గరకు వంగాను. పేరు పెట్టి పిలవాలి. పేరు రాలేదు.

"అన్నా, నీళ్లొచ్చినయి" అన్నాను. "అన్నా, నీళ్లొచ్చినయి!" మూడోసారి నా అరుపు వాగంతా వినబడింది.

అన్న కదల్లేదు. పాడె మోసిన నలుగురు మాత్రం ఒక్కసారిగా తల తిప్పి, గుట్టల వైపు చూశారు.