బాణాల చేను

ద్రాక్షారామం పక్క ఊళ్లో మహాలక్ష్మమ్మ నోటికి అందరూ జడిసేవారు. భర్త పోయాక ఎకరన్నర చేను తనే చేసుకుంది. బోదె నీళ్ల దగ్గర ఎవరైనా వంతు తప్పితే గట్టు మీద నిలబడి కడిగేసేది. పల్లపు చేను కావడంతో ఏటా పంట ముంపుకి పోతోందని, నిరుడు వేసవిలో చేపల చెరువు తవ్వించబోయింది.

పొక్లెయిన్ నడుంలోతు తవ్వేసరికి బూడిద, కాలిన మట్టి, తుప్పుపట్టిన బాణం ములుకులు బయటపడ్డాయి. కుమారస్వామి తారకాసురుణ్ణి చంపిన యుద్ధం ఇక్కడే జరిగిందని సాయంత్రానికల్లా ఊరంతా తేల్చేసింది. తారకుడి మెడలోని లింగం ముక్క ద్రాక్షారామంలోనే పడిందాయె, బాణాలు దొరకడంలో వింతేముందన్నారు. చేలో జెండా పాతారు. పురావస్తు పరిశోధకులు వచ్చి, పరీక్షలయ్యేదాకా తవ్వొద్దు, దున్నొద్దు అన్నారు. సార్వా పంట పోయింది, దాళ్వా పంటా పోయింది.

చివరికి హేమశ్రీ అనే పరిశోధకురాలు ఇంటికొచ్చి సంగతి చెప్పింది. అక్కడుండేది వెయ్యేళ్లనాటి కమ్మరి కొలిమి. ములుకుల్లో కొన్ని సగం చేసి వదిలేసినవి. యుద్ధం జరిగిందనడానికి ఆ నేలలో ఏ ఆధారమూ లేదు, ఇక చెరువు తవ్వుకోవచ్చు.

మహాలక్ష్మమ్మకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే చేలోకి వెళ్లింది. అక్కడ జెండా దగ్గర వేసిన తాటాకు పందిట్లో ఆడవాళ్లు దీపాలు పెడుతున్నారు. విన్నదంతా వాళ్లకి చెప్పింది. ఎవరూ కోప్పడలేదు. కోప్పడితే జవాబు చెప్పడం ఆమెకి తెలుసు.

"ఆ కమ్మరి బాణాలు చేసింది ఎవరికంటారు పిన్నిగారూ? స్వామి సైన్యానికే కదండీ," అంది పొరుగు రైతు భార్య సత్యవాణి, నెమ్మదిగా.

"నేను చేపలు పెంచుకుందామనుకున్నానమ్మా."

"స్వామి మీకు లోటు చేస్తాడేంటండీ?"

మర్నాడు పొక్లెయిన్ డ్రైవరు డేనియల్‌కి ఫోన్ చేసింది. ఊరితో పెట్టుకోలేనని, ఏమీ అనుకోవద్దని అతను బతిమాలాడు. చేను అమ్మేద్దామని చూసింది. చూడ్డానికొచ్చినవాళ్లు చెప్పులు విడిచి, గట్టు మీంచే దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయారు.

ఇప్పుడు సాయంత్రాలు ఆమెని పందిట్లో కూర్చోబెడుతున్నారు. పైఊళ్లవాళ్లు యుద్ధం గురించి అడుగుతారు. మొదట్లో కొలిమి అనే చెప్పేది. వాళ్లు నవ్వి, పక్కనున్నవాళ్లని అడిగేవారు. ఈమధ్య ములుకులు దొరికిన చోటు చేత్తో చూపించి ఊరుకుంటోంది.

మొన్న ఒకామె పాదాలు తాకబోతే మహాలక్ష్మమ్మ లేచి తప్పుకోబోయింది. వెనక దీపాల వరస, ముందు జనం. కాళ్లు చీరలోకి ముడుచుకుని మళ్లీ కూర్చుండిపోయింది.