బీర పిడక

ఆ పొద్దున మా అమ్మ నన్ను తిట్టలేదు. నాకు గుండె ఆగినంత పనయింది. ఊళ్ళో అందరికీ కోడి కూస్తే తెల్లవారుతుంది, నాకు మా అమ్మ నోరు చేసుకుంటే తెల్లవారుతుంది. పుట్టిన నాటి నుంచి ఆమె తిట్టు వినకుండా నేను ముఖం కడిగిన రోజు లేదు.

పెరట్లో బీరపాదు ముందు గొంతుక్కూర్చుని, ఒక ఆకును అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. మూడు రోజుల కింద కళకళలాడిన ఆకు. ఇప్పుడు దాని మీద కాగిన నూనె చిందినట్టు మచ్చలు. అంచులు వేగిన అప్పడంలా పైకి లేచాయి. ఏదో ఒక మాట వేసి నవ్వించబోయాను. అంతలో మిగతా మడులు కంటపడ్డాయి. పక్కన వంగ, ఆ పక్కన గోరుచిక్కుడు, చివర టమాటా, అన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి, ఒకే ఇంట్లో అందరికీ ఒకేసారి జ్వరం వచ్చినట్టు.

"ఏం కొట్టినావురా?" అంది అమ్మ, ఆకు మీది నుంచి చూపు తీయకుండా.

"యాపాకు కషాయమేమా. నువ్వు కాంచి ఇచ్చిందే."

"దేంట్లో కొట్టినావు?"

నేను వంగి ఇంకో ఆకు తిప్పి చూశాను, అడుగున కూడా అవే మచ్చలు.

నేను పనిచేసేది సోలార్ పార్కులో. బాడుగకిచ్చిన మా మూడెకరాల చేను కూడా ఆ పార్కులోనే ఉంది. వేరుశనగ వేసి, వాన కోసం మెడ పట్టేసేదాకా మేము ఆకాశం చూసిన చేను అది. ఇప్పుడు మా బదులు ప్యానెళ్ళు చూస్తున్నాయి. ఏడో తరగతితో బడి మానేసిన నాకు అక్కడ దొరికిన పని గడ్డిని చంపడం. ప్యానెళ్ళు కడిగిన నీళ్ళు కారి కింద నేల తడుస్తుంది, తడి తగిలితే గడ్డి లేస్తుంది, గడ్డి నీడ ప్యానెల్ మీద పడితే కరెంటు తగ్గుతుందట. అందుకని వీపుకు ట్యాంకు తగిలించుకుని గడ్డిమందు కొట్టుకుంటూ పోవాలి. ఆ నేలలో ఏదైనా మొలవమని మా నాయన బతికినన్నాళ్ళు మొక్కాడు. మొలిచినదాన్ని చంపినందుకు నాకు కూలి ఇస్తున్నారు. ఈ మాట తిరుమణి టీ అంగడి దగ్గర చెప్పి ఎన్నిసార్లు నవ్వించానో లెక్కలేదు.

ఈ ఏడు శివరాత్రికి చలి పోగానే, ఎండ ముదరక ముందే పెరడు తవ్వాలని అమ్మ పట్టుబట్టింది. కారణం వంటింటి గోడ మీద ఉంది. మా వైపు బీర, సొర విత్తనాలను ఆవుపేడలో అదిమి, పిడకలా గోడకు తట్టి ఎండబెడతారు. అలా పెడితే పురుగు ముట్టదు. మా పొయ్యి పైన అట్లాంటి పిడక ఒకటే మిగిలింది. అందులో ఉన్నది మా చేని గట్టు మీద కాసిన బీర. పొట్టి కాయ, చేదంటే ఎరగదు. మా అవ్వ చేతి నుంచి అమ్మ చేతికి వచ్చిన విత్తనం. చేను ఇచ్చేశాక అమ్మ దాన్ని పెరట్లో వేసి ఏటేటా విత్తనం కట్టేది. బోరు ఎండిపోయి రెండేళ్ళుగా అదీ లేదు.

ఇంటికి నీలం రంగు వేయించినప్పుడు ఆ పిడక తీసేయమన్నాను. "కొత్త గోడకు పేడేందిమా, సిగ్గుపోతాది" అని. అమ్మ కట్టె పట్టుకుని పిడక పక్కన కాపలా నిలబడింది. రంగు వేసేవాడు దాన్ని తప్పించి చుట్టూ పూసి, బతుకు జీవుడా అని పోయాడు. ఈసారి ఆ పిడకను అమ్మే ఊడదీసింది. నీలం గోడలో గుండ్రంగా పాత సున్నం బయటపడింది.

"ఈ ఏడు ఎయ్యకుంటే ఇంగ మొలవ్వు. ఇత్తనం గూడా ఎన్నేండ్లని కాసుకోనుంటాది?" అంటూ గింజలన్నీ నాటేసింది. ఒక్కటి కూడా దాచలేదు. తొమ్మిది మొలిచాయి.

స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు కాలువ చేసి పాదులకు మళ్ళించాను. నా భార్య గడపలో నిలబడి, "మూడెకరాలు బాడుగకిచ్చి మూడు బారల్లో సేద్యం జేస్తాండాడు మా రైతు" అని వీధి వినేలా అనేది. నాకు మాత్రం గర్వంగానే ఉండేది. చాలా ఏళ్ళ తర్వాత నా చేతి కింద ఒకటి పెరుగుతోంది మరి.

పాదులకు పేనుబంక పురుగు తగిలింది. అమ్మ వేపాకు కాచి, చల్లార్చి, చీపురుతో చల్లబోయింది. నేను పెద్ద పనివాడిలా అడ్డుపడ్డాను. "చీపురు పాతకాలంమా. నేను కొడతా సూడు, ఆకు అడుగు గూడా తడుస్తాది" అని పార్కు నుంచి ట్యాంకు బండి మీద తెచ్చాను. ఒకసారి నీళ్ళు పోసి గిలకరించి పారబోశాను. అడుగున ఎంత మిగిలిందో, పైపులో ఎంత నిలిచిందో చూడలేదు. తెలియక కాదు. పనిలో చేరిన రోజే సూపర్‌వైజరు, "ఈ ట్యాంకులో ఇంగేదీ పొయ్యగూడదు" అని చెప్తుంటే, "పాయసం గూడానా సార్?" అని అడిగి అందరినీ నవ్వించినవాణ్ణి నేను.

"పార్కు ట్యాంకులో" అన్నాను చివరికి.

కరివేపాకు కోయడానికి వచ్చిన నా భార్య చేతిలోని చేటను అక్కడే వదిలేసింది. అమ్మ లేచి తొట్టి దగ్గరకు పోయి చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. నేను తిట్టు కోసం కాచుకున్నాను. రాలేదు.

"చేను పోయినప్పుడు గూడా నాకు ఇట్ల కాలేదురా" అంది, నా వైపు చూడకుండా. "అప్పుడు ఇత్తనముండె."

అంతే. మళ్ళీ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది. నేను వేసిన జోకులు గోడకు కొట్టిన బంతుల్లా నా మీదికే తిరిగి వచ్చేవి. తొమ్మిది పాదులూ తొమ్మిది వట్టి తాళ్ళయ్యాయి.

క్యాతగానచెర్లులో చిన్నమ్మ ఉంది, ఒకప్పుడు అమ్మే ఆమెకు ఈ విత్తనం ఇచ్చింది. పరుగెత్తాను. "మా చేను మాత్రం యాడుందిరా? మీదాని పక్కనే పండుకోనుండాది ప్యానెళ్ళ కింద. మేము అంగడి ఇత్తనమే తెచ్చుకుంటాండాము" అంది చిన్నమ్మ. పావగడ పోయి, కొండ కింద బజారులో బీర ప్యాకెట్ కొన్నాను. దాని మీద మూరెడు కాయ బొమ్మ. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని కాయలో గింజ మళ్ళా ఇదే కాయ కాస్తాదా?" అని నా భార్యను అడిగింది, నన్ను కాదు. ప్యాకెట్ నా చొక్కా జేబులోకే తిరిగి వచ్చింది.

ఆ మరుసటి వారం పార్కులో కంచె మూలకు పొమ్మన్నారు. అది మా చేను మూల. గట్టు లేదు, మేము కూర్చుని సద్ది తిన్న నల్లబండ మాత్రం ఉంది. అంతకు ముందు రెండుసార్లు ఆ మూలకు పోకుండానే పోయానని చెప్పాను. అక్కడ కందిరీగల తుట్టె ఉంది, నాకు కందిరీగలంటే ప్రాణభయం. ఈసారి సూపర్‌వైజరు వెనకే ఉన్నాడు. తప్పలేదు. తల దించుకుని, మందు చిమ్మే గన్ను నొక్కి పట్టుకుని, అడుగు అడుగుకూ కొట్టుకుంటూ పోయాను.

తల ఎత్తేసరికి ఎదురుగా పసుపు పూలు.

బీర. ప్యానెల్ కాలు మొదట్లో లేచి, కడిగిన నీళ్ళు తాగి, కంచె మీదికి పాకి, నాలుగు పొట్టి కాయలు కాసుకుని కూర్చుంది. ఏ ఏటి కాయ ఎక్కడ రాలిందో, ఇన్నాళ్ళు ఎట్లా దాక్కుందో, ఎన్ని తరాలు నా మందు కిందే పుట్టి చచ్చాయో. బొటనవేలు ఇంకా గన్ను మీదే ఉంది. మందు తుంపర మొదటి రెండు ఆకుల మీద పడి మెరుస్తోంది.

గన్ను పారేశాను. ఆ రెండు ఆకులు తెంపి దూరంగా విసిరాను. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, తాగే నీళ్ళ బాటిల్ మొత్తం తీగ మీద పోసి కడిగాను.

"ఏమప్పా, పూజ జేస్తాండావా?" అన్నాడు సూపర్‌వైజరు.

"సార్, ఇది మా అమ్మది."

"ఏంది మీయమ్మది?"

"ఈ తీగ. దీన్ని ఇడిసిపెట్టు సార్, నీకు దండం పెడతా. జోకు కాదు."

ఆయన నా ముఖం చూశాడు. జోకు కాదన్నది ఆయనకు నమ్మకం కుదరడానికి కాస్త సమయం పట్టింది. చివరికి, "ప్యానెల్ మీద నీడ పడితే నన్ను అడుగుతారప్పా. కంచెకు అవతల ఏముండాదో నేను సూడను" అని పక్క వరుసకు పోయాడు.

కంచె కన్నాల్లోంచి ఒక్కో కొనను, ఒక్కో కాయను అవతలికి తోసేసరికి పొద్దు వాలింది. కందిరీగలు రెండుచోట్ల కుట్టాయి. తెలియలేదు.

మరునాడు అమ్మను బండి మీద తీసుకుపోయి కంచె బయట మట్టిదారిలో దింపాను. నమ్మలేదు. లేతకాయ ఒకటి గోటితో గిల్లి, నాలుకకు తాకించుకుంది. చేదు లేదు, మా బీరే. కంచెలోంచి లోపలికి, ప్యానెళ్ళ కింద నేలకేసి, చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇన్నేండ్లు నువ్వు మందు కొట్టింది దీనికేనా, దొంగనాయాలా! మీ నాయన బతికుంటే ఆ ట్యాంకులోనే నిన్ను ముంచుతుండె!"

ఐదు నిమిషాలు తిట్టింది. చెవులారా విన్నాను. నాకు తెల్లవారింది.

మూడు కాయలు తీగ మీదే ఎండనిచ్చాం. రోజూ నా బాటిల్ నీళ్ళు దానికే. వైశాఖం ఎండల్లో ఆ కాయలు తెచ్చి ఇస్తే, అమ్మ వాటిని తన చెవి దగ్గర ఆడించింది. గలగలమన్నాయి. ఇక పేడ కావాలి. చేను ఇచ్చిననాడే ఆవును కూడా తోలేశాం. నేను వీధులన్నీ తిరిగి, ఆవున్న ఇల్లు వెతికి, తట్టలో పేడ తెచ్చాను. తట్ట గడప దగ్గరే అందుకుంది అమ్మ.

గింజలు నేనే అదుముతానని చేయి చాపాను.

"నువ్వు ముట్టగాకు" అంది.

నీలం గోడలో గుండ్రంగా మిగిలిన ఆ సున్నం మీదే కొత్త పిడక తట్టింది. నా భార్య దీపం పైకెత్తి పట్టుకుంది. నేను గడప ఇవతల నిలబడి, నా చేతులు వెనక కట్టుకుని చూశాను.