దీపాలకు పోయే నూనె

మా ఇంటి మేడగదిలో కొంతకాలం కోడిగుడ్లకు కిటికీలు ఉండేవి. ఆ గదికి ఉన్నదే ఒక కిటికీ, అదీ సరిగా మూసుకునేది కాదు. గుడ్లకు మాత్రం ఒక్కోదానికి ఒక్కోటి. ఈ మాట నేను చెబితే జహీరాబాద్‌లో ఎవరూ నమ్మరు. తప్పు వాళ్ళది కాదు. బొంబాయి రోడ్డు మీద పోయే ఒక లారీలో ఎలుగుబంటి క్లీనరుగా పనిచేస్తోందనీ, చాయ్‌లో చక్కెర తక్కువైతే హోటలువాడితో గొడవ పెట్టుకుంటుందనీ బస్టాండు దగ్గర చెప్పినవాణ్ణి నేనే. ఎలుగుబంటి సంగతిలో చక్కెర విషయం కొంచెం పెంచి ఉండవచ్చు. గుడ్ల సంగతిలో పెంచడానికి నాకు ఏమీ మిగల్లేదు.

ఎనభైల మొదట్లో మాట. నేను డిగ్రీ ముగించి, ఉద్యోగం తనంతట తానే మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని అరుగు మీద కూర్చున్న రోజులు. హైదరాబాదు నుంచి ఒక పరిశోధకుడు వచ్చి మా మేడగది అద్దెకు తీసుకున్నాడు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఊరంతా సారు అన్నారు, మేమూ అన్నాం. మనం తినే నూనెకూ నెయ్యికీ, ఒంట్లో కొత్త రక్తనాళాలు పుట్టడానికీ సంబంధం ఏమిటన్నది ఆయన పరిశోధన. గుడ్డులో పిల్ల తయారయ్యేటప్పుడు పెంకు కింద పల్చటి పొర మీద రక్తనాళాలు అల్లుకుంటాయట. పెంకుకు చిన్న కిటికీ కోసి, ఆ పొర మీద నూనె చుక్క వేసి, మళ్ళీ మూసి, బల్బు వెలిగే చెక్కపెట్టెలో పెట్టి, నాళాలు ఎటు పోతాయో చూడటం ఆయన పని.

"పుండు మానాలన్నా కొత్త నాళాలు కావాలి, గడ్డ పెరగాలన్నా కావాలి పిన్నిగారూ," అని మా అమ్మకు చెప్పాడు.

"అయితె అవి మంచియా చెడ్డయా?"

"అదే ఇంకా తెలియదు."

"తెల్వనిదానికి ఇంత దూరం వచ్చిన్రా," అని అమ్మ జాలిపడింది.

దూరం రావడానికి కారణం ఉంది. మా దిక్కు కుసుమలు పండుతాయి, ఇంటింటా కుసుమ నూనెతోనే వంట. పైగా పట్నం పౌల్ట్రీ గుడ్లు పిల్లలు కావు. ఆయనకు పుంజులతో తిరిగే నాటుకోళ్ళ గుడ్లే కావాలి. అవి మా దగ్గర కావలసినన్ని. ఆ ఏడాదితో స్కాలర్‌షిప్పు ఆఖరు. గైడు స్వయంగా వచ్చి చూసి, పనిలో పస ఉందంటేనే థీసిస్. లేదంటే మామగారి ఎరువుల దుకాణంలో కూర్చోవాలి. మామగారు అప్పటికే గల్లా పక్కన అల్లుడికి ఒక కుర్చీ వేయించి, దానికి దిండు కూడా కుట్టించాడట. ఆ దిండు మాట చెప్పేటప్పుడు సారు కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడేవాడు.

ఆయన మా వీధిలో ఇంటింటికీ ఒక ఖాళీ సీసా ఇచ్చి, "మీరు రోజూ వంటలో వాడేది ఇందులో పోసివ్వండి" అని అడిగాడు. అంత చదివినవాడు ఇక్కడే దెబ్బతిన్నాడు. ఇంట్లో ఏం వండుకుంటారని అడగడం మా ఊళ్ళో ఇంటి పరువు ఎంతని అడగడమే. పైగా పట్నం సారు, పుస్తకంలో రాస్తాడట. పుస్తకంలో మన ఇంటి పేరు పక్కన కుసుమ నూనె అని పడితే రేపు పిల్లకు సంబంధం ఎవడు తెస్తాడు? సీసాలన్నీ నెయ్యితో తిరిగొచ్చాయి.

ఆ నెయ్యంతా వీధి చివర పటేలమ్మ ఇంటిది. బర్రెలున్నది ఆమెకే. బట్టల దుకాణం సేటు నుంచి బడిపంతులు దాకా అందరూ వెనకవాకిలి నుంచి పోయి గిన్నెడు అరువు తెచ్చుకున్నారు. ఓట్లడిగేవాళ్ళు కూడా తిరగనన్ని ఇళ్ళు ఆ వారం ఆ నెయ్యి తిరిగింది. మా అమ్మ ఒక్కతే తన సీసాలో కుసుమ నూనె పోసిచ్చింది. "దినాం తినేది అడిగిండు. పండుగనాడు తినేది అడిగిండా?" అంది.

తర్వాత ఒకరోజు సారు నన్ను పైకి పిలిచి భూతద్దం చేతికిచ్చాడు. మిగతా ఇళ్ళ సీసాల చుక్కలు పడిన గుడ్లలో నాళాలు ఒకేరకంగా ఉన్నాయి. మా అమ్మ సీసా చుక్క పడినచోట మాత్రం చుట్టూ గుబురుగా, వాన పడిన అల్లం మడిలో వేర్లలాగా అల్లుకున్నాయి.

"అవన్ని ఒక్క ఇంటి నెయ్యి సారూ," అన్నాను. "పటేలమ్మ దగ్గర అరువు తెచ్చి మీ సీసాలల్ల పోసిన్రు."

ఆయన నా భుజం తట్టాడు. "మొన్ననే కదయ్యా ఎలుగుబంటి కథ చెప్పావు."

సైన్సులో అందరూ ఒక మాట చెప్పి ఒక్కరు వేరే చెబితే, ఆ ఒక్కరినే నిలదీస్తారని ఆ రోజు తెలిసింది. సారు మెట్లు దిగి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. మీ సీసాలో పొరపాటున ఏదైనా కలిసిందా?"

జొన్నరొట్టె తడుతున్న అమ్మ చేయి ఆగింది. మా ఇంటి నూనెను కల్తీ అన్న మొదటి మనిషి ఆయనే. అద్దెకున్నవాడు కాకపోతే ఆ రొట్టె ఎటు ఎగిరేదో చెప్పలేను.

"అంగడినాడు పొద్దుగాల జర నా ఎంబడి గానుగకాడికి రాండ్రి సారూ," అంది. మళ్ళీ రొట్టె తట్టసాగింది.

అంగడినాడు, అంటే సంతరోజు, గానుగ దగ్గర కుసుమల సంచులతో, టిన్నులతో వీధి వీధంతా వరసగా నిలబడి ఉంది. అందరికంటే ముందు సేటు. నూనె వాసన తగిలితేనే తన ఇంట్లో అందరికీ కడుపునొప్పి అని సారుకు చెప్పిన మనిషి.

"ఏం సేటు, నూనె పడదంటివి," అంది అమ్మ.

"పడదక్కా. ఇది కీళ్ళకు రాస్కోనీకె."

"రెండు టిన్నులా?"

"ఇంట్ల అందరికి కీళ్ళున్నయి గదా."

వెనక టైలరు మాస్టరు టిన్ను లుంగీ చాటుకు జరిపి, "దర్గాల చిరాగ్ ముట్టియ్యనీకె ఆపా," అన్నాడు.

"నిన్న మీ చిరాగ్‌లకెల్లి ఎల్లిగడ్డ పోపు వాసనొచ్చింది మాస్టర్."

బడిపంతులు ఎవరూ అడగకముందే, "మాది దేవుని దీపానికి," అన్నాడు.

"మీ దేవుడు దినాం మిరపకాయ బజ్జీలు తింటుండు పంతులూ. గట్ల తింటె ఆయనకు గూడ దవాఖాననే."

వరస మొత్తం గానుగ వైపు తిరిగి, ఎద్దును మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. సారుకు అంతా అర్థమైంది. ఆయన మంచితనం ఏమిటంటే నవ్వలేదు. చేతులు కట్టుకుని, "ఆ దీపాల నూనె నాకు కాస్త కాస్త ఇస్తారా?" అని అడిగాడు.

సేటు ఆలోచించాడు. "ఇస్తం. గని మేం తింటున్నమని మీ పుస్తకంల రాయొద్దు."

"మరి ఏమని రాయమంటారు?"

"దీపం నూనె అని రాయుండ్రి."

అలా జహీరాబాద్ దీపం నూనె సైన్సులోకి ఎక్కింది. తిరిగి వస్తూ సారు, "నువ్వు చెప్పింది నిజమేనయ్యా," అన్నాడు. ఎలుగుబంటిది కూడా నిజమే అన్నాను. ఆయన నడక పెంచాడు.

దీపాల నూనెలన్నీ గుడ్లలో మా అమ్మ నూనెలాగే నాళాలను అల్లించాయి. నెయ్యి సీసా ఒకటి పోలికకు ఉంచుకుని, మిగతావి పారబోశాడు సారు. చివరికి గైడు వచ్చాడు. మేడ మెట్లు ఎక్కి, ఆయాసం తీరేదాకా భూతద్దంలో చూసి, "తేడా ఉంది," అన్నాడు. సారు ముఖం వెలిగింది. "కానీ ఇవి దీపం నూనెలు కదయ్యా. మనుషులు తినే నూనె అని ఉన్నది ఒక్క సీసా మీదే. ఎవరిది?" అన్నాడు గైడు. కింద ఇంటివాళ్ళదని సారు చెప్పాడు. ఈ ఇంటివాళ్ళు నిజంగా కుసుమ నూనే తింటారని తేలితేనే మిగతా దీపం నూనెలకు విలువ అని గైడు అన్నాడు. అంటూనే భోజనానికి దిగాడు.

కింద అమ్మ విస్తరి వేసింది. పప్పు వడ్డించింది. దాని మీద, పట్నం నుంచి పెద్దసారు వచ్చాడని, గరిటెడు నెయ్యి పోసింది.

గైడు అన్నం కలపబోయి ఆగాడు. నెయ్యిని చూశాడు, సారును చూశాడు. "కుసుమ నూనె ఇల్లు ఇదేనా?"

సారు గోడ వైపు చూస్తున్నాడు. ఆ గోడలో ఆయనకు దిండు వేసిన కుర్చీ కనిపిస్తోందని నాకు తెలుసు. నేను నోరు తెరవబోయాను. మాట్లాడొద్దని సారు చెయ్యి ఊపాడు. అప్పుడు అమ్మ నెయ్యి గిన్నె కింద పెట్టింది. ఊళ్ళో ఎవరిముందూ అనని మాట, కొంగుతో చేయి తుడుచుకుంటూ అంది.

"గా నెయ్యి మాది కాదు సారూ. మీరొస్తున్నరని పటేలమ్మ ఇంట్లకెల్లి అరువు తెచ్చిన. మేం దినాం తినేది కుసుమల నూనెనే. పొయ్యికాడున్నది, సూడుండ్రి."

గైడు పొయ్యి దాకా పోలేదు. విస్తరి ముందుకు జరిపాడు. "అరువుదైతేనేం, ఇంకో గరిటె వేయండి," అన్నాడు. థీసిస్ గట్టెక్కింది. అమ్మ మాత్రం ఆ రోజంతా సారు ముఖం చూడలేదు.

థీసిస్ అచ్చయి అట్ట వేసుకున్నాక సారు మా గది ఖాళీ చేశాడు. ఆ పొద్దున్నే పటేలమ్మ వెనకవాకిలి నుంచి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. "నా నెయ్యి గురించి పెద్దసారుకు చెప్పినవట. మంచిదే. గని వదినా, వీధంత ఒక్కపారే ఎగవడితె బర్రెలు ఏడికెల్లి ఇస్తయి? సగం వనస్పతి కలిపిన."

నేను పైకి పరిగెత్తాను. సారు పుస్తకాల పెట్టెకు తాడు కడుతున్నాడు, పైన కొత్త అట్టతో థీసిస్ ఉంది. థీసిస్‌లో పోలికకు పెట్టుకున్న నెయ్యిలో సగం వనస్పతి అని చెప్పాను. ఆయన ముడి బిగించాడు, ఇంకో ముడి వేశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"నీ ఎలుగుబంటి ఎలా ఉందయ్యా?" అన్నాడు. "ఇంకా ఆ లారీ మీదే చేస్తోందా?"