మూడో డ్రిప్పు రోజు నేను చెప్పని మాట

ఇరవై రెండేళ్ళ నర్సు ఉద్యోగంలో నేను సూదులు గుచ్చి ఏడిపించినవాళ్ళు లెక్కలేనంతమంది. వాళ్ళెవరూ నాకు గుర్తు లేరు. ఒకామె చెప్పిన మాట మింగేసి ఆమెను ముంచాను. ఆమె మాత్రం అన్నం తింటుంటే కూడా గుర్తొస్తుంది. ఎవరికైనా చెప్పుకుంటే బరువు తగ్గుతుందంటారు. ఏం తగ్గదు. అయినా రాస్తున్నాను.

మస్కట్‌కు వచ్చి పద్నాలుగేళ్ళయింది. పనిచేసేది ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, ఉండేది అల్ హైల్‌లో, టైర్ల షాపు మీద రూమ్‌లో. మొదటి పదేళ్ళూ ఆపరేషన్ థియేటర్ డ్యూటీ. అక్కడ కెటమిన్ అనే మత్తుమందు మాకు ఉప్పూ చింతపండంత మామూలు. ఆ మందు దిగేటప్పుడు మనుషులు ఏదేదో మాట్లాడతారు. గోడ కరిగిపోతోందంటారు, చచ్చిపోయిన తాత పక్కనే కూర్చున్నాడంటారు. మేం నవ్వుకునేవాళ్ళం. పలవరింతలే, కాసేపట్లో పోతాయని బీపీ చూసి వెళ్ళిపోయేవాళ్ళం.

తర్వాత నన్ను మానసిక వైద్యం విభాగానికి మార్చారు. అక్కడి డాక్టరుది సూడాన్. ఆయన ఆ పలవరింతలే వైద్యం అన్నాడు. ఘోరాలు చూసి బతికినవాళ్ళకు బయటి దేశాల్లో ఇప్పుడు ఇట్లాంటి మందులతో వైద్యం చేసి చూస్తున్నారట. కొన్ని చోట్ల పుట్టగొడుగుల నుంచి తీసిన సరుకు కూడా ఇస్తున్నారట. ఇక్కడ అది జేబులో దొరికితే నేరుగా జైలుకే. మాకు వీలయ్యేది పాత కెటమిన్ ఒక్కటే, అదీ కొద్ది మోతాదులో, డ్రిప్పులో, డాక్టరు పక్కనుండగా. స్పృహ పూర్తిగా పోదు. కళ్ళకు గంతలు కట్టి పడుకోబెడితే లోపల బిగుసుకున్న భయం కాస్త వదులై మాట బయటికొస్తుంది. మర్నాడు ఆ మాట మీదే డాక్టరు కూర్చోబెట్టి మెల్లగా మాట్లాడతాడు.

"మందు గొళ్ళెం తీస్తుందంతే సిస్టర్. లోపలున్నది మనిషే బయటికి తేవాలి, ఇంకో మనిషి వినాలి" అనేవాడు. ఎంత మంచివాడో అంత చాదస్తుడు. నాకు నమ్మకం కలగలేదు. జీతం తీసుకుంటున్నాం కదా అని చేశానంతే.

అప్పుడొచ్చింది ఆమె. రాయచోటి పక్కన పల్లె. బహ్లాలో ఒక ఇంట్లో పదకొండేళ్ళుగా పని. ఆ ఇంటి పాపను పుట్టినప్పటి నుంచీ ఈమే ఎత్తుకుని పెంచింది. పాపకు ఏడేళ్ళు. ఒక వాన రోజు స్కూలు నుంచి పాపను తీసుకొస్తుంటే డ్రైవరు తొందరపడి వాదీ దాటబోయాడు. వాదీ అంటే ఇక్కడి వాగు. ఏడాదంతా రాళ్ళు తప్ప ఏమీ ఉండవు, ఎగువన కొండల్లో వాన పడితే చూస్తుండగానే కార్లను ఎత్తుకుపోతుంది. డ్రైవరు బతికాడు, ఈమె బతికింది. పాప రెండో రోజు దిగువన దొరికింది.

అది జరిగిన ఐదు నెలలకు మా దగ్గరికి వచ్చింది. మనిషి సగమైంది. కుళాయి తిప్పిన చప్పుడు వినపడితే వణికేది. నిద్రపోతే మంచం కోడు పట్టుకునేది, లేపినా వదిలేది కాదు. తీసుకొచ్చింది ఎవరనుకున్నారు? ఆ ఇంటి మేడమే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, పనిమనిషిని కారులో కూర్చోబెట్టుకుని రెండు గంటలు తనే నడుపుకుంటూ వచ్చేది. ఫ్లాస్కులో కహ్వా అనే ఇక్కడి కాఫీ, డబ్బాలో ఖర్జూరాలు తెచ్చేది. నేను ఒక పండన్నా నోట్లో వేసుకోందే నన్ను లోపలికి పోనిచ్చేది కాదు.

నాకు అనుమానం మొదలైంది. పనిమనిషి మీద ఇంత ప్రేమేమిటి? నోట్లోంచి ఏదో రాబట్టడానికే ఈ తిప్పలన్నీ అనుకున్నాను. నా బుద్ధే అంత. కహ్వా తాగుతూనే అనుకున్నాను.

ఆమెకు ఇంట్లో మాట్లాడుకునే అరబీ బాగానే వచ్చు. అయినా డాక్టరు నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"బాధలో మనిషి తన భాషలోకి పోతాడు. ఆమె ఏమంటే అది నాకు చెప్పు. కలపొద్దు, తీయొద్దు" అన్నాడు.

"అంతకంటేనా డాక్టర్" అన్నాను.

మొదటి రోజు చేతికి సూది పెడుతూ, "ఏ ఊరు మ్మా?" అని అడిగాను.

ఉలిక్కిపడి నా మొహం చూసింది. "రాయచోటి కాడ. నువ్వు తెలుగామెవా?"

"ప్రొద్దుటూరు. సూది నొప్పి పుడితే నన్ను బాగా తిట్టు. మన పక్క తిట్లు విని చానా దినాలైంది."

పెదవి కొంచెం కదిలింది. "మనోళ్ళే అయితే. ఈడనే ఉండక్కా, యాడికీ పోవాకు" అంది.

మొదటి డ్రిప్పుకు ఉత్త ఏడుపే. రెండోదానికి వేరుశనక్కాయలు పీకడం గురించి, వాళ్ళమ్మ గురించి, ఊళ్ళో ఉన్న ఇద్దరు పిల్లల గురించి మాట్లాడింది. ఉన్నదున్నట్టు డాక్టరుకు అప్పజెప్పాను. ఆ సాయంత్రం తనంతట తానే సంగటి కావాలని అడిగిందట. రాగిపిండి ఎక్కడ దొరుకుతుందని మేడం నాకు ఫోన్ చేసి ఏడ్చింది, సంతోషంతో. డాక్టరు మొహం వెలిగిపోయింది. నాక్కూడా, ఓరి దేవుడా, ఈమె బాగుపడుతుందేమో అనిపించింది.

మూడో డ్రిప్పు మొదలై ఇరవై నిమిషాలైంది. గంతల కింద నుంచి, "అక్కా, నీళ్ళు" అంది.

"ఉండా మ్మా. చెప్పు."

"కిటికీలోంచి బయటికొచ్చినాం అక్కా. ఒక చేత్తో చెట్టుకొమ్మ పట్టుకున్యా. ఇంగో చేత్తో పాప. నీళ్ళు లాగతాండాయి. ఇద్దరం పోతామని తెలిసిపాయ. నా పిల్లోళ్ళు గుర్తొచ్చినారు." ఊపిరి పీల్చుకుంది. "నేనే ఇడ్సిపెట్టినా అక్కా. అందురూ జారిపాయ అనుకుంటాండారు. జారలా. నేనే ఏళ్ళు ఇప్పినా. పాప నా మొగం జూసింది."

డాక్టరు ముందుకు వంగాడు. "ఏమంటోంది?"

ఇక్కడ నా భర్త సంగతి చెప్పాలి. ఆయన ఘాలాలో కంపెనీ బస్సు తోలేవాడు. ఒకరోజు బస్సు డివైడర్ ఎక్కింది, ఒకతనికి కాలు విరిగింది. స్టేట్‌మెంట్ రాసేటప్పుడు అందరూ బ్రేకు పట్టలేదని చెప్పమన్నారు. ఈయన మహా సత్యవంతుడు కదా, నిద్ర తూగిందని చెప్పాడు. అది కాగితం మీద పడింది. జైలు, ఆ తర్వాత వీసా రద్దు, చివరికి విమానం. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఆటో తోలుతున్నాడు. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. అప్పటి నుంచి గల్ఫ్‌లో నాకు తెలిసిన నీతి ఒక్కటే. ఇక్కడ పరాయివాళ్ళ ముందు మనవాళ్ళ తప్పు నోటితో అనకూడదు, కాగితం మీద పడనివ్వకూడదు. రూముల్లో, క్యాంపుల్లో ఒకరినొకరం కాపాడుకునేది అట్లాగే. డాక్టరు ఒళ్ళో ఫైలుంది, తలుపవతల మేడం ఉంది. కేసు, కోర్టు, ప్రాణానికి పరిహారం, ఈమెకు జైలు, ఊళ్ళో ఇద్దరు పిల్లలు. రెండు క్షణాల్లో అంతా కళ్ళముందు తిరిగింది.

"అమ్మను పిలుస్తోంది డాక్టర్" అని అరబీలో చెప్పాను.

ఆయన నన్ను చూశాడు. "అంతేనా? చాలాసేపు మాట్లాడింది."

"నీళ్ళంటోంది, భయమంటోంది, అమ్మా అంటోంది. అంతే."

"ఇంకేమీ లేదా?"

"లేదు."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆయన మానిటర్ వైపు తిరగ్గానే ఆమె చెవి దగ్గరికి వంగి, "ఆ మాట ఇంగెవురికీ చెప్పాకు మ్మా. సచ్చినా చెప్పాకు. నీ మంచికే చెప్తాండా" అన్నాను. ఆమె ఏడుపు ఆగిపోయింది. మొహం గోడవైపు తిప్పుకుంది. ఓహో, అర్థం చేసుకుంది అనుకున్నాను. ఆ సాయంత్రం రూమ్‌కొచ్చి, ఒక మనిషిని జైలు నుంచి కాపాడానని మురిసిపోతూ పప్పుకు తాలింపు పెట్టుకుని కడుపునిండా తిన్నాను. నా నోట్లో మన్ను పడ.

మర్నాడు డాక్టరు ఎంత అడిగినా ఆమె నోరు విప్పలేదు. నాలుగో డ్రిప్పుకు బండరాయిలా పడుకుంది. ఐదోదానికి చెయ్యి చాపనంది. సంగటి మానేసింది, నీళ్ళు కూడా మానేసింది, ముక్కులో గొట్టం వేయాల్సి వచ్చింది. డాక్టరు నన్ను గదిలోకి పిలిచి మళ్ళీ అడిగాడు.

"మూడో రోజు ఏమీ వదిలిపెట్టలేదు కదా సిస్టర్? నేను ఎవరినీ తప్పుపట్టను. నాకు తెలిస్తే చాలు."

"నా పిల్లల మీద ఒట్టు" అన్నాను. అన్నాక వెనక్కు తీసుకునే ధైర్యం రాలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది, దాచడమెందుకు. వైద్యం ఆపేశారు. కొంచెం తేరుకోగానే మేడం ఆమెను ఊరికి పంపించేసింది.

నెల తర్వాత రిపోర్టు కాగితాల కోసం మేడం ఒక్కతే వచ్చింది. వరండాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కహ్వా పోసింది.

"నిజంగా ఆమె ఏమీ చెప్పలేదా?" అని అడిగింది.

నేను తల అడ్డంగా ఊపాను.

"చెయ్యి తనే వదిలిందని నాకు తెలుసు" అంది. "అవతలి రాయి మీద నుంచి డ్రైవరు చూశాడు. మొదటి వారంలోనే నాకు చెప్పాడు. రెండు రోజులు ఆమె మొహం చూడలేకపోయాను. తర్వాత ఆలోచించాను. ఏడేళ్ళు నా బిడ్డకు అన్నం పెట్టిన చెయ్యి అది. వదలకపోతే ఇద్దరూ పోయేవాళ్ళు. తన పిల్లలకు తల్లి లేకుండా పోయేది. నాకు కోపం లేదని చెప్పాలని ఎంత అనుకున్నానో. మీరే ముందు అంటే నేరం మోపినట్టవుతుంది, ఆమె నోటితో రానివ్వండి, వచ్చిన రోజు మిమ్మల్ని లోపలికి పిలుస్తాను అన్నాడు డాక్టరు. ప్రతిసారీ తలుపు బయట అందుకే కూర్చున్నాను. ఆ రోజు రాలేదు, నేనూ చెప్పకుండానే పంపాను."

ఆయన ఎందుకు అన్నిసార్లు అడిగాడో అప్పుడు తెలిసింది. అంతా అక్కడే చెప్పేశాను. కేసవుతుందని భయపడ్డానని, అమ్మను పిలుస్తోందని అబద్ధం చెప్పానని. మేడం నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నావైపు చూడకుండా, "ఇప్పుడైనా చెప్పు ఆమెకు. నేను చేస్తే ఫోన్ తీయడం లేదు" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి పోయినట్టే అని తెలుసు. అయినా అదే రోజు ఊరికి ఫోన్ చేశాను. పెద్దకూతురు తీసింది. మస్కట్ ఆస్పత్రి అక్కనని చెబితే తల్లి చెవి దగ్గర పెట్టింది.

"నేను మ్మా, ప్రొద్దుటూరు అక్కను. మేడమ్‌కు అంతా తెలుసంట. డ్రైవరు ముందే చెప్పినాడంట. నీ మీద కోపం లేదంట మ్మా. నువ్వు చెప్తావని రోజూ తలుపు కాడ కూచున్యాదంట. ఇంటాండావా?"

ఊపిరి వినపడుతోంది. నేను చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పాను.

"అబద్దం చెప్తాండావక్కా" అంది చివరికి. గొంతులో కోపం లేదు.

"నా పిల్లల మీద ఒట్టు మ్మా!"

"ఆ దినం గూడా అబద్దమే చెప్పినావు గదా. నాకు అరబీ వచ్చు. అమ్మను పిలుస్తాందని డాక్టరుకు చెప్పినావు, నేను ఇన్యా. ఎవురికీ చెప్పాకు, సచ్చినా చెప్పాకు అన్యావు. మనూరి పక్క మనిషివి, నా మీద పేమ గలదానివి. అట్లాంటి నీ నోట్లోకే రాలా ఆ మాట. అంత పాడుపని జేసినా నేను అనుకున్యా."

"కేసవుతాదని మ్మా, నీకోసమని..."

"మేడమ్ అనిందని గూడా నువ్వే కల్పిచ్చి చెప్తాండావు. నాకోసమే. ఇంగ నాకు ఫోన్ చెయ్యాకక్కా" అని, ఫోన్ కూతురికిచ్చేసింది.